తెరల లెక్క తెలిసిన పనితనం

మెనూ తెరవాలన్నా, విండో నడిమధ్య నిలపాలన్నా ప్రోగ్రాంకి ముందు తెలియాల్సింది మానిటర్లు ఎన్ని, ఏది ఎటువైపు ఉంది, టాస్క్‌బార్ పోగా మిగిలిన చోటెంత అన్నదే. 1992లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టిన డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీ విండోస్, లినక్స్, మ్యాక్‌లలో ఈ సమాచారాన్ని ఒకే తీరులో అందిస్తుంది.

ప్రతిసారీ సిస్టమ్‌ని అడిగితే ఆలస్యం. లినక్స్‌లో విండోలను చూపే ఎక్స్11 వ్యవస్థలోనైతే కొన్ని ప్రశ్నలు హార్డ్‌వేర్ దాకా వెళ్లి వస్తాయి. అందుకే ఒకసారి తెలుసుకున్నది క్యాష్‌లో దాచుకోవాలి. దాచడం తేలికే, ఎప్పుడు చెరిపేయాలో తెలియడంలోనే నేర్పంతా ఉంది. ల్యాప్‌టాప్‌కి ప్రొజెక్టర్ తగిలించి రిజల్యూషన్ మారగానే విండోస్ సందేశం పంపుతుంది. వెంటనే పాత లెక్క చెరిపేయాలి. లేదంటే డైలాగ్ బాక్స్, తీసేసిన మానిటర్ ఉన్న దిక్కున ఎవరికీ కనపడకుండా తెరుచుకోవచ్చు. అది మన కళ్లెదుటే తెరుచుకుంటోందంటే, ఆ జాగ్రత్త పడ్డ ప్రోగ్రామర్లకు చేతులెత్తి మొక్కాలి.