రెక్కల్లేని రాకెట్

రాకెట్ అంటే సన్నగా, పొడుగ్గా, తోకన రెక్కలతో ఉండాలని మన కంటికి అలవాటు. అమెరికాలో మోడల్ రాకెట్ల అభిమానులు ఇంట్లో చేసుకునే ‘ఎగిరే పళ్లెం’లో అవేవీ ఉండవు. రెండు పేపర్ ప్లేట్లు అంచుకు అంచు కలిపి అతికిస్తారు. నడుమ ఒక అట్టగొట్టం, అందులో మోటారు. అంతే. మరి పల్టీలు కొట్టకుండా నిటారుగా ఎలా లేస్తుంది? దీని పనితనమంతా ఆ ప్రశ్నకు జవాబే.

రాకెట్లు కట్టేవాళ్లంతా గాలి నిరోధాన్ని ఎలా తగ్గించాలా అని చూస్తారు. పళ్లెం కట్టేవాళ్లు దానితోనే పని చేయించుకుంటారు. బరువు ముందుండి, నిరోధం వెనక నుంచి లాగుతుంటే ముక్కు దారి తప్పదు. షటిల్ కాక్ ఎటు కొట్టినా బిరడా ముందుకు తిరిగేది ఇందుకే. కాబట్టి గొట్టాన్ని సరిగ్గా మధ్యకు బిగించరు, పైకి జరుపుతారు. మోటారు బరువు వీలైనంత పళ్లెం పైనే నిలవాలి. అలాగని నాజిల్ లోపలికి పోతే మంట అట్టను తినేస్తుంది. అది కింది ప్లేటు దాటి కాస్త బయటికి కనబడాల్సిందే. మోటారు పొడవు 70 మిల్లీమీటర్లే. ఆ కాస్త జాగాలోనే రెండు అవసరాలూ తీరాలి.

కేంద్రం పట్టే తీరు నాకు మరీ ఇష్టం. ప్లేటును కాగితం మీద బోర్లించి చుట్టూ గీస్తారు. ఆ వలయాన్ని కత్తిరించి రెండుసార్లు మడిస్తే, మడతలు కలిసిన చోటే కేంద్రం. రంధ్రం ముందు కొంచెం బిగుతుగా కోసి, పుల్లకు చుట్టిన గరుకు కాగితంతో గొట్టం పట్టేదాకా అరగదీస్తారు. అతుకు చుట్టూ తెల్ల జిగురు పోసి, తడివేలితో ఒక్క చుట్టు తిప్పి నునుపు చేస్తారు. జిగురు ఎక్కువైతే బరువు, ఒక పక్కకే పడితే ఒరుగుడు. లేచేటప్పుడు దారి పట్టించే ప్రయోగ కడ్డీ దూరే స్ట్రా ముక్కను జిగురు ఆరకముందే కడ్డీకి తొడిగి, నిటారుగా ఉందో లేదో చూసుకుంటారు.

మోటారులో మందు కూరే ప్రమాదం ఇంట్లో ఎవరూ నెత్తికెత్తుకోరు. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్, 1954లో సోదరుడు రాబర్ట్‌తో కలిసి, మార్చుకోగల మోటారుతో రాకెట్ తయారుచేసిన పుణ్యమది. పళ్లేనికి సి6-0 లాంటి మోటారు బాగా నప్పుతుంది. 6 అంటే సగటున 6 న్యూటన్ల థ్రస్ట్. సున్నా అంటే మందు అయిపోయాక ఆలస్యం లేదని. సన్నటి రాకెట్ మోటారు ఆరాక కూడా కొన్ని సెకన్లు పైకి సాగుతుంది, కాబట్టి పారాచూట్ తెరిచే ముందు దానికి ఆ ఆలస్యం కావాలి. పళ్లెం అలా కాదు, గాలి వెంటనే దాన్ని నిలిపేస్తుంది. ఎక్కువ ఆలస్యమున్న మోటారు పెడితే, పారాచూట్‌ను నెట్టడానికి ఉంచిన మందు నేల మీద పేలి గడ్డి అంటుకోవచ్చు. సి6-0 మంట చివరికి చేరగానే పైకి తెరుచుకుంటుంది. అందుకే గొట్టం పై కొసను మూయరు.

అయిదు మీటర్ల దూరం నుంచి మీట నొక్కితే బుస్సుమని లేస్తుంది. మరీ ఎత్తుకు పోదు కనుక మొత్తం ప్రయాణం కళ్లెదుటే సాగుతుంది. పారాచూట్ అక్కర్లేదు, పైకి పోనివ్వని ఆ వెడల్పే కింద పడేటప్పుడు వేగాన్ని తగ్గిస్తుంది. అంచు నలగకపోతే, కొత్త మోటారు తొడిగి మళ్లీ కడ్డీకి ఎక్కించడమే.