గర్జించని పోలీసు

పోలీసు వేషమంటే మన తెలుగు ప్రేక్షకుడికి ముందు గుర్తొచ్చేది గొంతు. 1989లో కోడి రామకృష్ణ తీసిన ‘అంకుశం’ చూసినవారు ఆ గర్జన మరచిపోలేరు. రూపం డాక్టరు చదివిన రాజశేఖర్‌ది, గొంతు సాయికుమార్‌ది. అన్యాయం మీద జనానికున్న కసి ఆ గొంతులో పలికింది కనుకనే నీరాజనం పట్టారు. అంతవరకు బాగానే వుంది. కాని పోలీసంటే ఇంతేనా?

అసలు పోలీసే నటుడైతే ఎలా వుంటుందో చికాగోకు చెందిన డెన్నిస్ ఫరీనా చూపించాడు. 1967 నుంచి 1985 దాకా అతడు ఆ నగర పోలీసుశాఖలో పనిచేశాడు. దొంగతనాల కేసులు చూసే డిటెక్టివ్. దర్శకుడు మైకేల్ మాన్ 1981 నాటి ‘థీఫ్’ చిత్రంలో అతనికి చిన్న వేషమిచ్చాడు. ఏం వేషం? ముఠానాయకుడి అనుచరుడు! అదే చిత్రంలో అవినీతి డిటెక్టివ్‌గా వేసిన జాన్ సాంటుచ్చీ నిజజీవితంలో నగల దొంగ. ఇది వట్టి చమత్కారమని నాకు తోచదు. ఏళ్ళ తరబడి దొంగను కనిపెట్టుకున్నవాడికి దొంగ నడక తెలుసు. పోలీసును తప్పించుకు తిరిగినవాడికి పోలీసు చూపు తెలుసు. ఎదుటివాణ్ణి అంతగా చదవడమే వారి నటనకు పెట్టుబడి.

1986లో మొదలైన ‘క్రైమ్ స్టోరీ’ టెలివిజన్ ధారావాహికలో పోలీసు అధికారిగా ఫరీనా పేరు తెచ్చుకున్నాడు. అయినా నా మటుకు, 1988 నాటి ‘మిడ్‌నైట్ రన్’లో అతను వేసిన ముఠానాయకుడు సెరానోయే మిన్న. సెరానో కూడా అరుస్తాడు. అయితే అది చప్పట్ల కోసం అరిచే అరుపు కాదు. పని చెడగొట్టిన గుమాస్తా మీద యజమాని విసుక్కున్నట్టుంటుంది. అందుకే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. నేరస్థుణ్ణి మనిషిగా చూసినవాడికే అది సాధ్యం.

ఇంత దూరం పోనక్కరలేదు. 2017లో మన పొరుగు మలయాళంవారు ‘తొండిముతలుం దృక్సాక్షియుం’లో నిజమైన పోలీసు అధికారి సిబీ థామస్ చేత ఎస్సై వేషం వేయించారు. దొంగ గొలుసు మింగేశాడు. అది బయటపడేదాకా స్టేషనంతా కాచుకు కూర్చోవాలి. ఆ ఓపికలోనే కథంతా నడుస్తుంది.

మన తెర ఇన్‌స్పెక్టరుకు ఆ ఓపిక లేదు. తీర్పూ తనదే, శిక్షా తనదే. మనం చప్పట్లు కొడతాం. సాక్ష్యం, విచారణ అనేవి వట్టి అడ్డంకులని పక్కనున్న పిల్లలు నేర్చుకుంటారు. 1956లో దుబాయి పోలీసుశాఖ మొదలయింది మన నైఫ్ కోటలోనే. రోజూ దాని పక్కనుంచి నడిచేవాళ్ళం. భాష చాలక, కాగితం ఒకటి తక్కువై పరాయి దేశంలో ఒక అధికారి ముందు నిలబడ్డప్పుడు మనం కోరుకునేది గర్జన కాదు, మన మాట వినే మనిషిని. తెరమీద కూడా అటువంటివాణ్ణి కోరుకోవడం అత్యాశా?