చివరి పది నిమిషాల పువ్వు

గరాచర్మలో వానాకాలం వచ్చిందంటే ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేయక తప్పదు. లేకపోతే తెల్లారేసరికి ఉప్పు ముద్దవుతుంది. దేశంలో అందరికంటే ముందు నైరుతి పలకరించేది ఈ అండమాన్ నికోబార్ దీవులనే. మే మూడోవారంలో పట్టిన ముసురు, ఈశాన్యం కూడా వెళ్లిపోయే డిసెంబరు దాకా పూర్తిగా వదలదు. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన. ఈ గాలిలోనే పంచదారతో పువ్వు చేసి, ఆరబెట్టి, వెన్న పూసిన కేకు మీద నిలబెట్టాలి.

పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకునే ఉంది మా గరాచర్మ. 2024 నుంచి ఆ నగరం పేరు శ్రీ విజయపురం, కానీ నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు, నూటికి 21 మంది క్రైస్తవులు. పుట్టినరోజైనా నిశ్చితార్థమైనా క్రిస్మసైనా కేకు లేకుండా గడవదు. ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఆడవాళ్లకు ఇది చేతినిండా పని. ఐసింగ్ షుగరూ వెన్నా రంగులూ ఓడల్లో మెయిన్‌లాండ్ నుంచి రావాల్సిందే. సముద్రం కల్లోలంగా ఉండి ఓడ ఆలస్యమైతే ధర పెరుగుతుంది. అందుకే ఇక్కడ విరిగిన ప్రతి పువ్వూ డబ్బు లెక్కే.

పంచదారను గట్టి బొమ్మగా మార్చడం మనకు కొత్త కాదు. సారెలో చలిమిడి పక్కన పెట్టే పంచదార చిలకలు చూడని కోస్తా ఇల్లు అరుదు. బిగించి కట్టిన చెక్క అచ్చుల్లో ముదురు పాకాన్ని పోస్తే, చల్లారాక చిలకో గోపురమో బయటికి వస్తుంది. పాకం అదను తెలిసిన చేతికి కేకు పని సగం వచ్చినట్టే. మిగతా సగంలోనే తేడా ఉంది. చిలక చల్లారి గట్టిపడుతుంది, ఐసింగ్ పువ్వు ఆరి గట్టిపడుతుంది. చల్లారడానికి గాలి ఎలా ఉన్నా పర్వాలేదు. ఆరాలంటే మాత్రం తడిని గాలి తీసుకుపోవాలి. ఈ దీవుల గాలికి ఆ ఓపిక తక్కువ.

పువ్వు చేసే ముద్దను రాయల్ ఐసింగ్ అంటారు. గుడ్డు తెల్లసొన, ఐసింగ్ షుగర్, నాలుగు చుక్కల నిమ్మరసం, అంతే. ఒక గుడ్డులో తెల్లసొన 30 గ్రాములుంటుంది. దానికి 150 గ్రాముల పంచదారతో మొదలుపెట్టి, గులాబీ రెక్క నిటారుగా నిలబడాలంటే 200 దాకా వెళ్తాం. పచ్చి తెల్లసొనకు బదులు తెల్లసొన పొడి వాడితే పిల్లల కడుపులకు భయం లేదు. గిన్నెకు మాత్రం జిడ్డు అంటి ఉండకూడదు. ప్లాస్టిక్ గిన్నె ఎంత తోమినా జిడ్డు వదలదు కాబట్టి స్టీలు గిన్నెనే నిమ్మచెక్కతో రుద్ది, తుడిచి వాడాలి. చుక్క నూనె ఉన్నా తెల్లసొన పొంగదు, ముద్ద నీరసంగా జారిపోతుంది.

ఫ్లవర్ నెయిల్ అనే వెడల్పు తల మేకు మీద బటర్ పేపర్ ముక్క అతికించి, మేకును ఎడమచేత్తో తిప్పుతూ, కుడిచేత్తో ఐసింగ్ నింపిన కోను నొక్కుతూ ఒక్కో రెక్క వేస్తారు. ముగ్గుపిండిని వేళ్ల మధ్య నుంచి ఆపకుండా, తెగకుండా వదిలే చేతులకు ఇది తొందరగా అబ్బుతుంది. ఆ సమానమైన ఒత్తిడిని ఏ క్లాసులోనూ ఒక్కరోజులో నేర్పలేరు.

ఇక ఆరబెట్టడం. పొడి ఊళ్లో ఒక రోజు చాలు. ఇక్కడ రెండు, ముసురైతే మూడు. లెక్క ఏమిటంటే, గాలిలో తేమ 85 శాతం చుట్టూ చేరిందంటే పంచదార ఆ తేమను తాగి తానే కరగడం మొదలుపెడుతుంది. మన వానాకాలపు ఉదయాలు ఆ గీతకు అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. అంటే బల్ల మీద వదిలేసిన పువ్వు ఆరకపోగా జిగురు పట్టవచ్చు. అందుకే ఓవెన్‌లో వేడి పెట్టకుండా, లోపలి దీపం ఒక్కటే వెలిగించి, తలుపు వారగా తెరిచి పువ్వులను ఉంచుతారు. ఆరినవాటిని మూత బిగువుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాస్తారు. ఉప్పుకు పనికొచ్చిన బియ్యం ఇక్కడ చాలదు. ఫ్రిజ్‌లో పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఈ ఐసింగ్ అసలు పుట్టింది వెన్నతో చేసే బటర్‌క్రీం కోసం కాదు. ఇంగ్లండులో ఎండుపళ్ల కేకు మీద ముందు బాదం ముద్ద పొర పరిచి, దానిమీద రాయల్ ఐసింగ్ వేసేవారు. కేకులోని నూనె, రంగు తెల్లని పైపూతను మరక చేయకుండా ఆ బాదం పొర అడ్డుకునేది. మనం ఆ అడ్డు తీసేసి పువ్వును నేరుగా వెన్న మీద కూర్చోబెట్టాం. వెన్నలో 80 శాతం కొవ్వైతే, 16 శాతం దాకా నీరు. నీరు పువ్వు అడుగును కరిగిస్తుంది. కొవ్వు పువ్వులోని సన్నని రంధ్రాల గుండా పైకి పాకి, రెక్కల మీద నూనె కాగితంలాంటి మచ్చలు తెస్తుంది. ఎర్రరంగు పువ్వైతే చుట్టూ తెల్లక్రీంలోకి రంగు దిగుతుంది.

నాకిది తెలిసింది ఒక నిశ్చితార్థపు కేకుతో. రాత్రే పువ్వులన్నీ అమర్చి, పని అయిపోయిందని నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున చూస్తే పన్నెండు ఎర్రగులాబీల కింద పన్నెండు గులాబిరంగు మడుగులు. పెళ్లికూతురు మేనత్త కేకు కేసి చూసి, "ఏమ్మా, పువ్వులు ఏడ్చాయా?" అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

అప్పటినుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. పువ్వు అడుగున కరిగించిన తెల్ల చాక్లెట్‌ను కుంచెతో పలచగా రాసి గట్టిపడనిస్తాను. బాదం పొర చేసిన పని ఆ చాక్లెట్ చేస్తుంది. బటర్‌క్రీం పైన వేలితో తాకితే అంటనంతగా పొర కట్టాకే పువ్వు పెడతాను. పెట్టేచోట క్రీం చుక్క ఒకటి వేసి, పాలెట్ నైఫ్ మీద పువ్వును మోసుకొచ్చి, దాని మీద దించి వదిలేయడమే. నొక్కితే రెక్క విరుగుతుంది. నిటారుగా నిలబడాల్సిన అక్షరం, కిరీటంలాంటివాటికి వెనకవైపు శుభ్రమైన కాగితపు స్ట్రాను ఐసింగ్‌తో అతికించి, ఆ స్ట్రాను కేకులోకి దింపాలి. ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని విరుగుతాయి కాబట్టి ముప్పై పువ్వులు కావాలంటే నలభై చేయాలి.

కేకు ఫ్రిజ్‌లోంచి వచ్చిందైతే ఇంకో జాగ్రత్త. చల్లని కేకు తడిగాలి తగలగానే చెమర్చుతుంది. అట్టపెట్టె మూత తీయకుండా అలాగే బయట ఉంచితే, ఆ చెమట పెట్టెకు పడుతుంది, కేకు పొడిగా మిగులుతుంది. గంట గంటన్నర తర్వాత పెట్టె తెరిచి, అప్పుడు పువ్వులు.

ఇక్కడి మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటితే ఉత్త వెన్నతో చేసిన క్రీం మెత్తబడి పువ్వు పక్కకు ఒరుగుతుంది. అందుకని కొందరు మొత్తం వనస్పతితోనే చేస్తారు. పువ్వు నిలబడుతుంది గానీ నాలుక మీద మైనంలా మిగులుతుంది. సగం సగం కలిపితే నిలకడా రుచీ రెండూ దక్కుతాయి. తినేవాళ్ల కోసం చేసే కేకుకు నా ఓటు దానికే.

వీటన్నిటికంటే మేలు చేసేది మాత్రం సమయం. పువ్వుకూ వెన్నకూ మధ్య గడిచే గంటలు ఎంత తగ్గితే పువ్వు అంత క్షేమం. కాబట్టి కేకు ఒక పెట్టెలో, పువ్వులు వేరే డబ్బాలో తీసుకుని మీ ఇంటికొచ్చే అమ్మాయిని గుమ్మంలోనే పంపేయకండి. ఫ్యాను కింద ఒక బల్ల, పది నిమిషాలు ఇవ్వండి. ఆ పది నిమిషాలకూ కూలి లెక్కకట్టి ఇవ్వండి.