పాత గోవా దేవాలయాలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

పాత గోవాను గూర్చి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా రెండు పనులలో ఒకటి చేస్తాం. కట్టడాల వైభవాన్ని పొగడుతాం; లేదా 1560లో మొదలై, మధ్యలో కొద్దికాలం ఆగి, 1812 వరకు అక్కడ నడచిన ఇన్‌క్విజిషన్‌ను, అనగా మతవిచారణ న్యాయస్థానాన్ని, నిందించి తృప్తిపడతాం. ఆ దేవాలయాలు స్వయంగా ఏమి ప్రకటిస్తున్నాయో మాత్రం అడగం.

సే కేథడ్రల్‌ను చూడండి. 1562లో ఆరంభమై 1619లో పూర్తయిన ఈ మహాదేవాలయం అలెగ్జాండ్రియా పరిశుద్ధ కేథరీన్‌కు అంకితం. ఆమెకే ఎందుకు? 1510 నవంబరు 25న, ఆమె పండుగ దినాన, అల్బుకెర్క్ గోవాను బీజాపూరు సుల్తాను సైన్యం నుండి గెలుచుకున్నాడు. పట్టణంలోని ముస్లిములు అనేకులు ఆ విజయంలో సంహరింపబడ్డారు. బంగారు పూత పూసిన ప్రధాన బలిపీఠంపై కేథరీన్ హతసాక్ష్య చరిత్ర చెక్కబడి ఉంది. అధికారానికి లొంగక ప్రాణమిచ్చిన స్త్రీ పేరు, అధికారం కత్తితో గెలిచిన దినానికి జ్ఞాపికైంది. శిల్పం ఉత్తమమైనదే, వేదాంతమే తలక్రిందులైంది. (ఆలయ ప్రతిష్ఠ శిలాఫలకంపై శాసనసభ్యుని పేరు చెక్కించే మనకు ఈ విషయంలో రాయి వేసే హక్కు తక్కువే.)

ఎదుటి బొమ్ జీసస్ బసిలికాలో ఫ్రాన్సిస్ జేవియర్ దేహం ఉంది. 2024-25లో జరిగిన బహిరంగ ప్రదర్శనకు కూడా జనం తరలివచ్చారు. ఆయన త్యాగాన్ని తక్కువ చేయలేం. అయితే గోవాకు మతవిచారణ న్యాయస్థానం కావాలని 1546లో పోర్చుగల్ రాజును కోరినవాడూ ఆయనే.

రాజును ఆశ్రయించిన సంఘానికి ఏమి జరిగిందో కొండపైనున్న అగస్టీనియన్ల దేవాలయ శిథిలం చెబుతుంది. దానిని శత్రువులు కూల్చలేదు. 1835లో పోర్చుగీసు ప్రభుత్వమే సన్యాసులను వెళ్లగొట్టింది. 1842లో పైకప్పు కూలింది, 1931లో ముఖభాగం చాలావరకు పడిపోయింది. ఇప్పుడు మొండి గోపురం మిగిలింది.

యాత్రికులకు కనబడని మరొక నిర్మాణం ఉంది. ఇంగ్లండు నుండి 1579లో వచ్చిన జెసూట్ గురువు థామస్ స్టీఫెన్స్ స్థానికులకు తెలిసిన ఓవీ ఛందస్సులో, మరాఠీలో, కొంకణి పదాలు కలిపి క్రిస్తపురాణం రచించారు. అది 1616లో అచ్చయింది. కేథడ్రల్ పూర్తయిన 1619లోనే ఆయన మరణించారు. 1684లో వైస్రాయి, ప్రజలు మూడేండ్లలో తమ భాష మాని పోర్చుగీసు మాట్లాడాలని ఆజ్ఞాపించాడు. ఆ కావ్యపు మొదటి ముద్రణ ప్రతి నేడు ఒక్కటీ దొరకదు. దానిని మనకు అందించినవి చేతివ్రాత ప్రతులు.