తెలుగు యూదులను గూర్చిన మూడు గ్రంథములు

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామము కలదు. అంతకుముందు క్రైస్తవులుగా నుండిన అచటి మాదిగ కుటుంబములు కొన్ని 1980ల చివర యూదాచారములను చేపట్టినవి. తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రములు పదింటిలో నొకటియగు ఎఫ్రాయీము సంతతి తామని వీరి విశ్వాసము. అందుచే వీరికి 'బెనె ఎఫ్రాయీము' అనగా ఎఫ్రాయీము పుత్రులని పేరు. వీరి ప్రసక్తిగల ఆంగ్లగ్రంథములలో మూడు చదువదగినవి.

మొదటిది ఈ సమాజ నాయకుడు షమూయేలు యాకోబి 2002లో ప్రకటించిన 'ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్'. తెలుగు హీబ్రూలకు ప్రాచీన బాంధవ్యము కలదని ఇందలి వాదము. భాషాశాస్త్రదృష్టితో ఇది నిలువదు. తెలుగు ద్రావిడకుటుంబమునకు చెందినదని 1816లో ఎల్లిసు, 1856లో కాల్డ్వెల్లు నిరూపించిరి. పదముల ధ్వనిసామ్యమొక్కటే బంధుత్వమునకు సాక్ష్యము కాజాలదు. అయినను గ్రంథమును ఇంతటితో త్రోసిపుచ్చుట తొందరపాటని నాకు ఆలస్యముగా తెలిసినది.

నేను రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతమున పాఠము చెప్పువాడను. తరగతిలో ఈ ప్రసక్తి రాగా, గనికార్మికుని కుమారుడొకడు లేచి, "సార్, ఆ కథ నిజమైతే మా జాంబపురాణం అబద్ధమా?" అని యడిగెను. వెంటనే బదులు చెప్పలేకపోతిని. డక్కలివారు, చిందువారు మాదిగలకు వినిపించు ఆ పురాణమున కామధేనువు మాంసమే కులపతనమునకు కారణము. యాకోబి వాదమున గోమాంసభక్షణము ఇశ్రాయేలు వారసత్వమునకు చిహ్నము. యూదధర్మమున నది నిషిద్ధము కాదు కదా! ఒకచోట దోషమైనది వేరొకచోట వంశకీర్తియైనది. కనుక దీనిని ఆంగ్లమున వెలసిన నూతన కులపురాణముగా చదువుట న్యాయము. అగ్రవర్ణముల గోత్రకథలను మనము నిజమా కల్లయా యని తూచుచున్నామా?

రెండవది, మూడింటిలో ఉత్తమమైనది, యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజుల 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' (ఆక్స్‌ఫర్డు, 2013). వీరు నిజముగా యూదులా అను తగవులో తీర్పరులు గాక, ఆ మాట వలన కులస్థితిలో ఏమి మారినదో గ్రామజీవితము నుండి పరిశీలించిరి. ఇజ్రాయేలునకు వలసపోవు కోరికయే ఇందులకు మూలమని తేల్చువారు దీనిని తప్పక చదువవలెను. కారంచేడు హత్యాకాండ 1985లో, చుండూరు హత్యాకాండ 1991లో జరిగినవి. ఈ మతపరివర్తనము ఆ రెంటి నడుమ, ఆ కోస్తాభూమిలోనే జరిగినది. ఒక్క కొరత: వాడలో పలికిన తెలుగు ఆంగ్లమున అణగిపోయినది. దానిని వెలికితీయుట మన తెలుగు శాఖల పని, మనము చేయలేదు.

మూడవది నవలారచయిత్రి ఎస్తేరు డేవిడ్ రచించిన 'బెనె అపెటిట్' (2021). భారతీయ యూదుల వంటకములను గూర్చినది. ఆంధ్రుల భాగము కొద్దియే, కాని రుచికరము.

ఆ విద్యార్థికి రెండవ గ్రంథమిచ్చితిని. ముందు ఇంటి పెద్దలనుండి జాంబపురాణమును మరల విని, పిదప చదువుమంటిని.