పులీ, మేకా, మా అత్తమ్మా

ఏడాది క్రితం మా పోచంపల్లి ఇంట్లో అటక సర్దుతుంటే పాత ఓనగుంతల పీట ఒకటి దొరికింది. అప్పట్నుంచీ ఆదివారం మధ్యాహ్నాలు నాకూ మా అత్తమ్మకూ ఆటలే ఆటలు. "నవల ఎంతదాకా వచ్చింది?" అని మావారడిగితే, "మూడో పులి ఇరుక్కుంది" అనేదాన్ని. నవలలకు సమీక్షలు రాస్తారు గదా, ఆటలకెందుకు రాయకూడదు?

ముందు వైకుంఠపాళి. నిచ్చెన ఎక్కినా, పాము మింగినా మన ప్రమేయం లేదు. నాయికకు కష్టాలన్నీ విధివల్లే వచ్చి, విధివల్లే తీరే నవల లాంటిదన్నమాట. అలాంటివి నేనూ రెండు రాశాను కనుక ఎక్కువ అనను.

అష్టాచెమ్మా కాస్త నయం. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే 4, బోర్లాపడితే 8. పడేది అదృష్టమే అయినా ఏ కాయ నడపాలో మన ఇష్టం. నెల జీతంతో సంసారమూ అంతే కదా! వచ్చేది మన చేతిలో లేదు, సర్దుకోవడమే మన తెలివి.

దాడి ఆటకి ఒకదాన్లో ఒకటిగా మూడు చదరాలు, 24 కూడళ్ళు, మనిషికి 9 కాయలు. మూడు వరసన నిలిస్తే ఎదుటివాళ్ళ కాయ ఒకటి తీసేయొచ్చు. అత్తమ్మ ఒకే కాయను రెండు వరసల మధ్య నాడెలా అటూ ఇటూ ఆడిస్తూ, ప్రతిసారీ నా కాయ ఒకటి లాగేస్తుంది. మగ్గం ఎరిగిన చేతులు మరి!

ఓనగుంతలతో నాకో పేచీ ఉంది. 14 గుంతల్లో చింతగింజలు పంచుతూ పోయి, ఖాళీ గుంత తడిమి, పక్క గుంతలోవి తీసుకోవడం ఆట. ఓడినవాళ్ళు మిగిలిన గింజలతో నిండినన్ని గుంతలే నింపుకుని మళ్ళీ మొదలెట్టాలి. తక్కినవి బీడు! 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలిస్తానన్న ఊరిది. ఇక్కడైనా ఈ ఆటకి భూదానం నియమం ఒకటి చేర్చాలని నా మనవి.

చదరంగం గొప్పదే. మన కోనేరు హంపి 2002లో, ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. కానీ అందులో ఇద్దరి బలమూ సమానం. బతుకులో అలా మొదలయ్యే ఆట ఎక్కడుంది? పులిమేకలో 3 పులులు, 15 మేకలు, 23 కూడళ్ళు. పులి దూకి మేకను తింటుంది. మేకకి దూకడం రాదు. ఒకదాని వెనక ఒకటి నిలబడి, పులికి కదిలే చోటు లేకుండా చెయ్యడమే దాని యుద్ధం.

శ్రావణంలో అత్తమ్మ జ్వరంపడి లేచింది. ఆ ఆదివారం ఆమెవి మేకలు. నాకు జాలేసి, దూకగల చోట దూకలేదు. రెండెత్తులు చూసింది. మూడోసారి కొంగుతో మేకలన్నీ ఊడ్చేసింది.

"నన్ను గెలిపిస్తున్నవా? నేనింక సావలే బిడ్డా. ఆడితే సక్కగ ఆడు, లేకుంటే ఆటే వద్దు."

సిగ్గుపడ్డాను. మళ్ళీ పరిచాం. ఈసారి కనికరించలేదు, ఆరు మేకల్ని తిన్నాను. ఓడిపోయిన ఆమె మొహంలో జ్వరం ముందటి వెలుగు! "రేపు సూస్త నీ సంగతి" అంది.

పెద్దవాళ్ళకు మందులిస్తాం, మెత్తటి అన్నం పెడతాం. ఎదురు మాత్రం ఇవ్వం. ఎదుటి మనిషిని తక్కువచేస్తే పట్టించేదే మంచి ఆట. కనుక నా మొదటి బహుమతి పులిమేకకే.

మర్నాడు నా మూడు పులులూ ఇరుక్కున్నాయి. నవలా అంతే.