బాబూఘాట్ మెట్ల మీద ఆవనూనె

పొద్దున్నే కలకత్తా బాబూఘాట్ మెట్లు దిగుతుంటే హుగ్లీ నీటి వాసన కంటే ముందు ఆవనూనె ఘాటు ముక్కుకి తగులుతుంది. 1830లో రాణీ రాస్మణి భర్త బాబు రాజచంద్ర దాస్ కట్టించిన ఘాట్ ఇది. లావుపాటి స్తంభాల అవతల ఒకపక్క పిండప్రదానాలు, ఒకపక్క స్నానాలు. ఆ సందడి మధ్యనే ఒళ్లు పట్టే మాలీషువాళ్లు గుడ్డ పరిచి కూర్చుంటారు. చాలామందివి బీహారు పల్లెలు. మల్లయోధుల గోదాలో ఒళ్లు పట్టడం కసరత్తులో భాగమే కాబట్టి, ఈ విద్యకీ కుస్తీకీ దగ్గరి చుట్టరికం ఉంది.

మన తలంటు వేరు. నువ్వుల నూనె, సున్నిపిండి, మాడు మీద అమ్మమ్మ చరుపు, ఆపైన కుంకుడుకాయ రసం. కలకత్తాలో అన్నిటికీ ఆవనూనే. అది ఒంటికి రాయగానే చురుక్కుమని, వెచ్చబడుతుంది. గీరుకుపోయిన చోట మాత్రం మండిస్తుంది. కొందరికి దద్దుర్లు కూడా వస్తాయి, కాబట్టి ముందురోజు మోచేతి మడతలో ఒక చుక్క రాసి చూసుకోవడం మంచిది.

నా కుడి భుజం ఏడాదిగా పట్టేసి ఉంది. అంతకుముందు ఒక పార్లర్‌లో నొప్పి పుడుతుంటే పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. నొప్పి పుడితేనే పని జరుగుతోందనుకున్నాను. రెండు రోజులు చెయ్యి పైకి లేవలేదు. బాబూఘాట్‌లో దొరికిన పెద్దాయన నూనె చేతిలో పోసుకోకముందే అడిగాడు: “ఎక్కడ నొప్పి బాబూ? దెబ్బ తగిలిందా, ఊరికే పట్టిందా?”

మొదట అరచేతులతో నిమరడమే. నూనె వెచ్చబడి, ఒళ్లు ఆ చేతులకి అలవాటుపడేదాకా ఎక్కడా నొక్కలేదు. తర్వాత పిడికిట్లో కండ పట్టి పిసికాడు. రెక్క ఎముక అంచున ఆయన బొటనవేలు ఒకచోట ఆగింది. చిక్కుడుగింజంత ముడి. దాన్ని రుద్దలేదు, వేలు అక్కడే ఉంచి బరువు మోపాడు. “ఊపిరి వదలండి” అన్నాడు. వదిలాను. ముడి వేలి కింద మెత్తబడటం నాకే తెలిసింది. మీరు ఊపిరి బిగబడితే కండ కూడా బిగుసుకుంటుంది, ఎంత గొప్ప చెయ్యయినా దాంతో పోట్లాడుతూనే ఉండాలి. ‘ఇక్కడ’, ‘కొంచెం తగ్గించండి’ అని నోరు విప్పి చెప్పడమే మనం చెయ్యాల్సిన పని. అందులో మొహమాటానికి చోటు లేదు.

కడుపునిండా తిని వెళ్లకూడదు. అజీర్ణంగా ఉన్నప్పుడు అభ్యంగనం వద్దని వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఏనాడో చెప్పాడు. జ్వరం ఉన్నా, కాలు ఒక్కసారిగా వాచి నొప్పి పెడుతున్నా ముందు వైద్యుడి దగ్గరికే వెళ్లాలి, రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ఉంటే మర్దన ప్రాణం మీదికి తెస్తుంది. చివర్లో మెడ పట్టుకుని ‘టక్’మని తిప్పడానికి ఎవరు వచ్చినా చెయ్యి అడ్డం పెట్టండి. ఆ కుదుపుకి మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని చీలి, పక్షవాతం వచ్చినవాళ్లున్నారు.

ఘాట్ మీద మాలీషు మగవాళ్లకే. బాలింతకీ పసిబిడ్డకీ ఇంటికొచ్చి ఒళ్లు పట్టే ఆడవాళ్ల చేతుల్లోనే ఈ విద్యకి ఇంకో సగం ఉంది. దాని గురించి రాసినవాళ్లే తక్కువ.

ఈ చేతిపనికి ప్రపంచం ఒకప్పుడు పెద్దపీట వేసింది. 1759లో పట్నాలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో పనిచేసిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండ్‌లో బ్రైటన్ సముద్రతీరాన ఆవిరి స్నానాలూ మర్దనా మొదలుపెట్టి, నాలుగో జార్జికీ నాలుగో విలియంకీ ఆస్థాన మర్దనకారుడయ్యాడు. మన ‘చంపీ’యే అక్కడ ‘షాంపూ’ అయింది. సబ్బునీళ్ల అర్థం తర్వాత వచ్చింది. 1957లో వచ్చిన ‘ప్యాసా’ సినిమాలో కలకత్తా వీధుల్లో తిరిగే మాలీషువాలాగా జానీ వాకర్‌ని దేశమంతా ముద్దుచేసింది. అదే పని చేసే మనిషితో మెట్ల మీద పదీ ఇరవై రూపాయలకి బేరమాడుతుంటే చూడటం నాకు కష్టంగా ఉంటుంది. తలకెంత, ఒంటికెంత అని ముందే అడిగి, అడిగినంతా ఇవ్వండి.

నేను వెంటనే నీళ్లలోకి దిగబోతే పెద్దాయన ఆపాడు. “నూనె ఇంకనివ్వండి.” ఎండ పడే మెట్టు చూపించాడు. అక్కడ కూర్చుని, హౌరా వైపు లాంచీ వెళుతుంటే కుడిచేత్తోనే కళ్లకి ఎండ అడ్డం పెట్టుకుని చూశాను.